కటాఫ్ మెషిన్‌కి పళ్ల బ్లేడు వేయొచ్చా? డిస్కు రెండు రోజులకే ఎందుకు అరిగిపోతోంది?

కాశీనగర్ తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇది. మూడు నెలల కిందట సొంతంగా వెల్డింగ్ షాపు పెట్టాడు. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తున్నాడు. ఇనుప పైపులు, రాడ్లు కోసే 14 ఇంచుల కటాఫ్ మెషిన్ కొన్నాడు. డిస్కు రెండు రోజులకే అరిగిపోతోంది, స్క్వేర్ పైపు కోత వంకర వస్తోంది. హార్డ్‌వేర్ షాపాయన్ని అడిగితే "ఈ డిస్కులన్నీ దండగ, ఇదే మెషిన్‌కి కార్బైడ్ పళ్ల బ్లేడు వేసుకో, ఆరు నెలలు తిరిగి చూడక్కర్లేదు" అన్నాడట. వేయొచ్చా అన్నా అని అడిగాడు.

వేయొద్దు తమ్ముడూ. ఇప్పటికే కొనేసి ఉంటే ప్యాకింగ్ విప్పకుండా తిరిగి ఇచ్చెయ్.

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కాదు. వాళ్లకి కనిపించేది రంధ్రం సైజు. నీ డిస్కు 355 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 25.4. ఆ పళ్ల బ్లేడు కూడా 355, రంధ్రం 25.4. చక్కగా దూరిపోతుంది, నట్టు బిగుస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. దూరకపోయుంటే గొడవే ఉండేది కాదు.

ఇప్పుడు నీ మెషిన్ ప్లేటు చూడు. 3,800 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) అనో, దానికి కాస్త అటూ ఇటూగానో ఉంటుంది. 14 ఇంచుల డిస్కు చుట్టుకొలత సుమారు 1.1 మీటర్లు. అంటే డిస్కు అంచు నిమిషానికి 4,200 మీటర్ల పైనే పరిగెడుతోంది, సెకనుకి 70 మీటర్లు. నీ దగ్గరున్న రాయి డిస్కుకి అది సరైన వేగమే. దాని లేబుల్ మీద సెకనుకి 80 మీటర్లు దాటొద్దని రాసి ఉంటుంది. పళ్ల బ్లేడు లెక్క వేరు. నీళ్లు పోయకుండా ఇనుము కోసే ఆ బ్లేడు కోసం చేసిన మెషిన్ 1,300 నుంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. నీ మెషిన్‌లో పెడితే దాదాపు మూడు రెట్ల వేగం. ఆ పళ్లు బ్లేడులో భాగం కావు. చిన్న కార్బైడ్ ముక్కల్ని ఒక్కొక్కటిగా ఇత్తడి అతుకుతో అంటించినవి. అంత వేగంలో ఇనుముకి తగిలితే వేడెక్కుతాయి, పెచ్చులు పోతాయి, చివరికి ఊడి ఎగురుతాయి. అవి ఎగిరే దారిలోనే నీ మొహం ఉంటుంది.

"రెగ్యులేటర్ పెట్టి స్పీడు తగ్గించుకుంటా" అని ఇంకో తెలివి చెప్పేవాళ్లూ ఉంటారు. ఈ మెషిన్లలో ఉండేది బ్రష్ మోటారు. రెగ్యులేటర్‌తో వేగం తగ్గిస్తే దాని బలమూ తగ్గిపోతుంది. పన్ను ఇనుములో దిగగానే ఆగిపోతుంది. స్పీడు తక్కువ, బలం ఎక్కువ కావాలంటే లోపల గేర్లు ఉండాలి. అందుకే అది వేరే మెషిన్.

సరే, నీ అసలు బాధ డిస్కు అరగడం కదా.

రాయి డిస్కు ఎలా కోస్తుందో తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. అందులో ఉన్నది రాయి గింజలు, వాటిని పట్టి ఉంచే బేకలైట్ లాంటి జిగురు, మధ్యలో గాజు నారతో అల్లిన వల. ప్రతి గింజా ఒక చిన్న ఉలి. కొంతసేపు కోశాక ఆ ఉలి మొద్దుబారుతుంది. మొద్దుబారిన గింజ ఊడిపోవాలి, దాని వెనక ఉన్న పదునైన గింజ బయటికి రావాలి. కాబట్టి డిస్కు అరగడం దాని పనిలో భాగమే. అసలు అరగని డిస్కు దొరికితే సంబరపడకు. అది ఇనుముని కోయకుండా కాలుస్తుంది. అంచు అద్దంలా మెరుస్తుంది, పైపు కోసిన చోట నీలిరంగు పట్టి ఉంటుంది.

ఎంత తొందరగా గింజ ఊడాలన్నది జిగురు గట్టిదనాన్ని బట్టి ఉంటుంది. లేబుల్ మీద "ఏ 36 ఎస్ బీఎఫ్" (A 36 S BF) లాంటి రాత ఉంటుంది, చూశావా? మొదటి ఏ అంటే అల్యూమినియం ఆక్సైడ్ గింజ, ఇనుముకి వాడేది. 36 గింజ సైజు. అంకె పెరిగేకొద్దీ గింజ సన్నం. బీఎఫ్ అంటే రెసిన్ జిగురు, నార వల ఉన్నది. మధ్యలో ఉన్న ఆ ఒక్క అక్షరమే గట్టిదనం. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ నుంచి జెడ్ వైపు వెళ్లేకొద్దీ డిస్కు గట్టిది. పీ కంటే ఎస్ గట్టిది, ఎస్ కంటే టీ.

ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. లావుపాటి, గట్టి ఇనుముకి గట్టి డిస్కు కావాలనుకుంటారు. నిజానికి దానికి మెత్తని డిస్కు కావాలి. లావు రాడ్డు కోసేటప్పుడు డిస్కు ఎక్కువ మేర ఇనుముకి ఆని ఉంటుంది, ఒక్కో గింజ మీద ఒత్తిడి తక్కువ. మొద్దుబారిన గింజ తనంతట ఊడదు, జిగురు మెత్తగా ఉంటేనే ఊడుతుంది. పల్చటి పైపు దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని గోడ ఆకురాయి అంచులా డిస్కుని గీరేస్తుంది. పదునున్న గింజల్ని కూడా పీకేస్తుంది. నువ్వు రోజంతా కోస్తున్నది 16 గేజ్, 18 గేజ్ స్క్వేర్ పైపు. ఒకటిన్నర మిల్లీమీటరు గోడ, అంతకన్నా తక్కువ. షాపులో నీకిచ్చింది లావు సరుకుకి పనికొచ్చే మెత్తని డిస్కు అయితే రెండు రోజుల్లో అయిపోవడంలో వింతేమీ లేదు. ఈసారి కొనేటప్పుడు ధర అడిగే ముందు ఆ అక్షరం చదువు. అదే కంపెనీలో ఒకటి రెండు అక్షరాలు గట్టిది తీసుకుని చూడు.

అక్షరం సరిగానే ఉండి కూడా అరుగుతుంటే వోల్టేజీ అనుమానించు. మన దగ్గర సాయంత్రం ఆరు తర్వాత మీటరు పెట్టి చూస్తే 230 ఎప్పుడూ కనపడదు. నా షాపులో 185 చూసిన రోజులున్నాయి. పాతపట్నంలో కరెంటు బాగుంటుందని మేమంటాం, పర్లాకిమిడిలో బాగుంటుందని వాళ్లంటారు. మధ్యలో ఉన్న రాష్ట్ర సరిహద్దుకి మాత్రం ఏ బాధా లేదు. వోల్టేజీ తగ్గితే మోటారు స్పీడు తగ్గుతుంది. స్పీడు తగ్గితే ఒక్కో గింజ ఎక్కువ ఇనుముని కొరకాల్సి వస్తుంది, తట్టుకోలేక ఊడిపోతుంది. అదే డిస్కు, అదే పైపు, పొద్దున వచ్చినన్ని కోతలు సాయంత్రం రావు. మేస్త్రీ మాత్రం డిస్కు కంపెనీని తిడతాడు.

దీనికి తోడు ఎక్స్‌టెన్షన్ వైరు. సైటు మీద 30 మీటర్ల సన్న వైరు లాగి మెషిన్ పెడతారు. ఈ మెషిన్ దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. 0.75 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయితే 14 వోల్టుల దాకా వైరులోనే పోతాయి. 2.5 అయితే 4 వోల్టులే. నీ సైటు వైరు మీద ఏం రాసుందో ఇవాళే చూడు. చుట్ట విప్పకుండా వాడుతున్నావేమో కూడా చూసుకో. చుట్టలోనే వేడెక్కి పైతోలు కరుగుతుంది.

డిస్కు అంచుని కూడా చదవడం నేర్చుకో. ఇరవై కోతల తర్వాత ప్లగ్గు పీకి, గార్డు (డిస్కు మీద ఉండే రక్షణ మూత) ఎత్తి, అంచు మీద వేలు ఆనించు. అంచు చదరంగా, రెండు మూలలూ సమానంగా ఉంటే అంతా బాగున్నట్టు. ఒక పక్కకి వాలి, ఉలి మొనలా ఉంటే డిస్కు పక్కకి వంగుతూ కోస్తోందన్నమాట. నీ కోత వంకర పోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

వంకర గురించి ముందు ఒక పరీక్ష చెయ్. మెషిన్ దిమ్మ మీద ఉన్న 90 గీతని నమ్మకు. అది అచ్చు పోసినప్పుడు వచ్చిన గీత, కొలిచి గీసింది కాదు. 40 బై 40 పైపు ఒకటి మధ్యకి కొయ్. ఒక ముక్కని అలాగే ఉంచి రెండో ముక్కని బోర్లా తిప్పు, కోసిన మొహాలు రెండూ కలిపి, పక్కన వంపు లేని తిన్నని పట్టీకి ఆనించి చూడు. సందు లేకపోతే వైసు (పైపుని పట్టి ఉంచే దవడలు) సరిగా ఉంది. సందు కనిపిస్తే అది నీ తప్పుకి రెండింతలు. రెండు మిల్లీమీటర్లు కనిపిస్తే అసలు తేడా ఒకటే. వెనక దవడ బోల్టు వదులు చేసి, గుణియాని (మూలమట్టం) దవడకీ డిస్కు పక్కకీ ఆనించి సరిచేసి మళ్లీ బిగించు. ప్లగ్గు పీకాకే సుమా.

వైసు సరిగా ఉన్నా వంకర వస్తుంటే చేతి బరువు తగ్గించు. కొత్త కుర్రాళ్లు మెషిన్ మీద పడుకున్నట్టు నొక్కుతారు. మూడు మిల్లీమీటర్ల డిస్కు అంత ఒత్తిడికి వంగిపోతుంది, కోత విల్లులా వస్తుంది. చప్పుడు విను. మోటారు ఒకే స్వరంలో పాడుతుంటే నీ చెయ్యి సరిగా ఉంది. గొంతు దిగిపోతుంటే ఎత్తు. అలాగని మరీ భయపడి అంటీ ముట్టనట్టు ఆనిస్తే గింజ కొరకదు, రుద్దుతుంది. పైపు నీలం రంగు తిరిగేది అప్పుడే.

సరుకు ఎలా పడుకోబెట్టావన్నది కూడా డిస్కు ఆయుష్షులో పెద్ద భాగం. యాంగ్లర్‌ని (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ఒక రెక్క నేలకి ఆనించి పెడితే డిస్కు మొదట నిలువు రెక్కని ఇట్టే కోసి, తర్వాత పడుకున్న రెక్క మొత్తం వెడల్పు మీద ఒకేసారి ఆనుతుంది. ఇంటి కప్పులా బోర్లించు, మూల పైకి, రెక్కలు రెండూ కిందికి. అప్పుడు పై నుంచి కింది దాకా ఒకే మందం కోస్తుంది. ఫ్లాట్ పట్టీని పడుకోబెట్టకు, అంచు మీద నిలబెట్టు. రోజుకి వంద కోతలు కోసేవాడికి ఈ రెండు అలవాట్లతోనే డిస్కుల ఖర్చు తగ్గుతుంది.

20 అడుగుల పైపు అవతలి కొస కింద స్టాండు పెడతావు కదా, దాని మట్టం ముఖ్యం. తెగి పడాల్సిన ముక్క వైపు స్టాండు కాస్త ఎత్తుగా ఉంటే, కోత చివరికి వచ్చేసరికి పై నోరు మూసుకుని డిస్కుని కరుచుకుంటుంది. డిస్కు పగిలే సందర్భాల్లో ఇదొకటి. మరీ పల్లంగా ఉంటే చివరి రెండు మిల్లీమీటర్లు తెగకుండా చిరుగుతాయి, నాలుకలా వేలాడుతుంది. నేను మెషిన్ దిమ్మకి సమానంగా, వెంట్రుకవాసి కిందికే పెడతాను.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. మా గజపతి జిల్లా కూడా చితికిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు మాకు తిండికి తీరిక లేదు. ఊరంతా రేకులు లేచిపోయాయి, అందరికీ ట్రస్సులు (రేకుల్ని మోసే ఇనుప చట్రాలు) కావాలి, కరెంటు లేదు, జనరేటర్ మీద పని. డిస్కులు దొరకడం లేదు. ఒక షాపులో పాత స్టాకు ఉందంటే పదిహేను తెచ్చాను. అట్ట పెట్టె అడుగున తడి మరక ఉంది. చూశాను, ఎండలో పెట్టాను, వాడాను. అంతకు ముందే నా చిన్న గ్రైండర్ గార్డు ఊడదీసి పెట్టుకున్నాను, యాంగ్లర్ మూలలోకి దూరడం లేదని. మూడో రోజు ట్రస్సు మీద కోస్తుంటే డిస్కు పేలింది. చప్పుడు విన్నాక ముక్క ఎటు పోయిందో తెలియలేదు. హెల్పర్ కుర్రాడు సవర పిల్లాడు, కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. వాడి చొక్కా భుజం దగ్గర కత్తితో కోసినట్టు చీలింది. చర్మం మీద గీత పడిందంతే. మిగతా ముక్క తలుపు చెక్కలో దిగింది. షాపువాడిని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. రాత్రి మిగిలిన డిస్కుల మధ్యలో ఉన్న ఇనప వలయం మీద తేదీ చూస్తే అప్పటికే దాటిపోయి ఏడు నెలలైంది. తేదీ చదవనిదీ నేనే, తడి చూసీ వాడిందీ నేనే, గార్డు తీసిందీ నేనే.

ఆ వలయం మీద వీ (V) అక్షరం పక్కన గడువు తీరే నెల, సంవత్సరం కొట్టి ఉంటుంది. తయారైన నాటి నుంచి మూడేళ్లు. జిగురు గాలిలో తేమ పీల్చి బలహీనపడుతుంది, పైకి ఏమీ కనపడదు. తడిసిన డిస్కుని ఎండబెడితే బలం తిరిగి రాదు. మన వానాకాలంలో నేల మీద, గోడకి జారేసి పెట్టకు. చదునైన పలక మీద పడుకోబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టు. సుత్తితో తట్టి చప్పుడు వినే పరీక్ష సానరాయికి పనికొస్తుంది. ఈ రెసిన్ డిస్కు బాగున్నా మందంగానే మోగుతుంది, దాన్ని నమ్ముకోకు. కొత్త డిస్కు బిగించాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పు. పగిలేది ఉంటే ఎక్కువసార్లు అప్పుడే పగులుతుంది.

చిన్న గ్రైండర్ మాటొచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 4 ఇంచుల మెషిన్ 11,000 ఆర్‌పీఎం పైన తిరుగుతుంది. దానికి 7 ఇంచుల డిస్కుని వాషర్లు వేసి బిగించేవాళ్లని నేను చూశాను. ఆ డిస్కు 8,500కి మించి తిరగకూడదు. 11,000 దగ్గర దాని అంచు సెకనుకి 100 మీటర్లు దాటుతుంది, దాని హద్దు 80. ఇంకా గార్డు పట్టదు కాబట్టి తీసేస్తారు. చెక్క కోసే పళ్ల చక్రం వేసేవాళ్ల గురించి ఏమీ చెప్పను. సన్నగా, ఒక మిల్లీమీటరు మందం ఉండే కటింగ్ డిస్కు పక్కతో వెల్డింగ్ బుడిపెలు అరగదీయకు. దాని బలమంతా నిలువులోనే, పక్క ఒత్తిడికి పెంకులా విరుగుతుంది. అరగదీయడానికి ఆరు మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్కు ఉంది.

స్టీలు రెయిలింగులు చేస్తే ఐనాక్స్ అని రాసిన డిస్కు విడిగా పెట్టుకో. అందులో ఇనుము, గంధకం, క్లోరిన్ దాదాపు ఉండవు. మామూలు ఇనుము కోసిన డిస్కుతో స్టీలు కోస్తే ఇనుప రజను దానిలో అంటుకుని నెలలో తుప్పు చుక్కలు వస్తాయి. యజమాని నువ్వు దొంగ స్టీలు వేశావంటాడు. ఇదే గొడవ తెల్ల టైల్స్ మీద కూడా. ఇంటి గుమ్మంలో గ్రిల్ కోసేటప్పుడు తడి గోనెపట్టా పరుచు. రవ్వలు టైల్‌లో దిగి తర్వాత తుప్పు పడితే ఆ మరక వదిలించడం కష్టం. అల్యూమినియం మాత్రం రాయి డిస్కుతో కోయనే కోయకు, మెత్తటి లోహం గింజల మధ్య పేరుకుని డిస్కు మూసుకుపోతుంది.

కంట్లో రజను పడితే గుడ్డ కొసతో తీయించుకోకు. కంటి మీద గంటల్లోనే తుప్పు వలయం కడుతుంది, అది డాక్టరే తీయాలి. కళ్లద్దాలు ఎలాగూ పెట్టుకుంటావు, వాటి మీద మొహం మొత్తం కప్పే షీల్డు కూడా పెట్టుకో.

ఇంతా చెప్పి పళ్ల బ్లేడుని తిట్టినట్టయింది. దాని మెషిన్‌లో అది బంగారం. రవ్వలు చాలా తక్కువ, కోసిన కొస చేత్తో పట్టుకోవచ్చు, బర్రు (కోత అంచున మిగిలే గరుకు) దాదాపు ఉండదు కాబట్టి గ్రైండర్ పని తప్పుతుంది. రోజూ ఒకే సైజు పైపు వంద పైన కోసే షాపుకి ఖర్చు తిరిగొస్తుంది. నీకు ఇప్పుడే వద్దంటాను, ఎందుకంటే నీ దగ్గరికి వచ్చేది రకరకాల సరుకు. టీఎంటీ రాడ్డు పైతోలు గట్టిపరిచి ఉంటుంది, లారీ కమాను పట్టీలు ఇంకా గట్టివి. ఒక్కటి కోసినా పళ్లు పెచ్చులూడతాయి. వాటికి రాయి డిస్కే. మళ్లీ పదును పెట్టించాలంటే నేను విశాఖ పంపుతున్నాను, వారం పడుతుంది, అంటే రెండో బ్లేడు ఉండాలి.

కొనే రోజు వస్తే పళ్ల లెక్క చూసుకో. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే పెద్దాయన రంపాలు చూస్తే ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. పల్చటి రేకకి సన్న పళ్ల రంపం, మొదలు కొమ్ముకి పెద్ద పళ్లది. ఇనుముకీ అంతే. పల్చటి పైపుకి 80, 90 పళ్ల బ్లేడు, ఐదు మిల్లీమీటర్ల పైన యాంగ్లర్, ఛానల్‌కి 60, 66 పళ్లది. పళ్లు తక్కువుంటే మధ్య సందు ఎక్కువ, లావు ఇనుము రజను పట్టడానికి చోటుంటుంది. పల్చటి గోడ మీద పెద్ద సందు పడితే పన్ను కొక్కెంలా తగిలి విరుగుతుంది. కోత మొదలుపెట్టేటప్పుడు మెల్లగా ఆనించు. రజను వెండిలా తెల్లగా పడుతుంటే బాగున్నట్టు, నీలంగా పడితే బ్లేడు మొద్దుబారింది.

ముందు నీ మెషిన్ ప్లేటు మీద ఆర్‌పీఎం, డిస్కు మీద ఉన్న అక్షరం, సాయంత్రం ఏడింటికి కోత నడుస్తుండగా వోల్టేజీ, ఈ మూడూ రాసి పంపు. డిస్కు అంచు ఫొటో దగ్గరగా తీసి పెట్టు, గార్డు ఎత్తేముందు ప్లగ్గు పీకడం మర్చిపోకు.